జిర్కటాంగ్ క్యూలో టూరిస్టు కార్లు ఇక వద్దు: అండమాన్ లెఫ్టినెంట్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

అండమాన్ నికోబార్ దీవుల లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

నమస్కారం. సూటిగా విషయానికి వస్తాను. శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నుంచి బారటాంగ్ దీవికి నడిచే ఒక్కరోజు టూరు, జరావాలనే ఆదివాసుల అడవి మధ్యగా పోకూడదు. సున్నపురాయి గుహలు చూడాలనుకునే వాళ్లని సముద్రం మీదుగా తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. ఆ అడవి గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు అక్కడుండే జనానికి, రోగులకు, సరుకు లారీలకు ఉంటే చాలు. దాన్ని పూర్తిగా మూయాలా వద్దా అన్నది పెద్ద గొడవ, కోర్టుల దాకా వెళ్లిన గొడవ. నేను అడుగుతున్నది దానికంటే చాలా చిన్నది. మీ దీవులకు అసెంబ్లీ లేదు కాబట్టి ఇలాంటి విషయంలో అడగాల్సింది మిమ్మల్నే.

తెలుగులో ఎందుకు రాశాడీయన అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం మీ దీవుల్లో నూటికి పదమూడు మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వేటకు, పనులకు వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఎక్కి వచ్చే టూరిస్టులూ తక్కువేం కాదు. ఈ ఉత్తరం మీతో పాటు వాళ్లూ చదవాలని నా కోరిక.

ఈ టూరు ఎలా అమ్ముతారో మీకు చేరుతుందో లేదో గాని, మాకు అమ్మిన తీరు చెబుతాను. మా అమ్మ, అక్క, ఆమె పిల్లలిద్దరు, నేను. కారు మాకొక్కరికే, రోజంతా మాతోనే ఉంటుందని ఏజెంటు ఫోన్లో చెప్పాడు. గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవిలో స్పీడ్‌బోటు అని వరసగా చదివి, చివర్లో గొంతు కాస్త తగ్గించి, "లక్ బాగుంటే దారిలో జరావాలు కూడా కనిపిస్తారు సార్, పిల్లలకి థ్రిల్" అన్నాడు. మనుషుల్ని కూడా చూసే జాబితాలో కలిపేశాడు. ఆయన ఒక్కడే ఇలా చెబుతాడని నేననుకోను. ప్యాకేజీ కాగితాల్లో "ట్రైబల్ రిజర్వ్ మీదుగా ప్రయాణం" అన్న ముక్క ఆకర్షణలాగే వేస్తున్నారు. అది చట్టం దృష్టిలో నేరమా కాదా నాకు ముఖ్యం కాదు. మీ అనుమతితో నడిచే కారుకు ఆ మాట ప్రకటన అవుతోంది, అదీ నా బాధ.

తెల్లవారుజామున రెండున్నరకే కారు హోటల్ ముందుకొచ్చింది. ఉదయం ఆరు గంటల మొదటి కాన్వాయ్ (పోలీసు కాపలాలో వెళ్లే బండ్ల వరస) అందుకోవాలంటే అడవి మొదట్లో ఉన్న జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర లైన్లో ముందుండాలి. అందుకని ఊరంతా నిద్రపోతున్న వేళ వరసగా కార్లు ఒకే దిక్కుకు పోతుంటాయి. చెక్‌పోస్టు దగ్గర టీ కొట్ల వెలుగు, డ్రైవర్ల చేతుల్లో ఆధార్ జిరాక్సులు, అనుమతి ఫారాలు. నిబంధనల బోర్డు చాలా స్పష్టంగా ఉంది. ఫోటోలు తీయకూడదు, బండి ఆపకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, గంటకు నలభై కిలోమీటర్లు దాటకూడదు, ఎవరికీ ఏమీ ఇవ్వకూడదు. ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండి. ఈ ఏర్పాటు చేసిన అధికారుల శ్రద్ధను నేను తక్కువ చేయను.

కానీ గేటు తెరిచాక కార్ల లోపల ఏం జరుగుతుందో ఏ పోలీసు బండీ చూడలేదు. బారటాంగ్‌కు పడవెక్కే మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా యాభై కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. అంతసేపూ ప్రతి అద్దం దగ్గరా ఒక ముఖం. ఎడమవైపు నువ్వు చూడు, కుడివైపు నేను చూస్తాను అని పెద్దవాళ్లే పిల్లలకు పనులు పంచుతారు. కెమెరాలు సంచీల్లో ఉన్నా చూపులు బయటే. మాకు ఎవరైనా కనిపించారా అని ఇంటికొచ్చాక అందరూ అడిగారు. ఆ జవాబు ఇక్కడా రాయను. కనిపించారంటే ఇంకో పది కార్లు బయల్దేరతాయి, కనిపించలేదంటే మా లక్ చూసుకుంటాం అని ఇంకో పది.

మన వీధి గుమ్మం ముందునుంచి రోజుకు నాలుగుసార్లు తెలియని ఊరి జనం వరసగా బండ్లలో పోతూ, లోపలికి తొంగి చూస్తూ పోతే ఎన్నాళ్లు ఊరుకుంటాం? జరావాలు ఆ రోడ్డు అడగలేదు. 1970లలో అడవిలోకి రోడ్డు పని వచ్చినప్పుడు బాణాలతో ఎదిరించారు. 1990ల చివర్లో తమంతట తాము అడవి దాటి బయటకు రావడం మొదలుపెట్టారు, 1999లోనే వాళ్లలో తట్టు వ్యాపించింది. 2011 లెక్కల్లో వాళ్లు నాలుగు వందల మంది కూడా లేరు. ఇది తలుచుకున్నప్పుడు ఆ దీవుల్లోనే ఇంకో ఆదివాసీ తెగ, గ్రేట్ అండమానీలు గుర్తుకు రాక మానరు. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల స్థావరం పెట్టే నాటికి వాళ్లు వేలల్లో ఉండేవాళ్లు. తట్టు, సవాయి రోగం, ఫ్లూ లాంటి బయటి జబ్బులు ఎక్కువమందిని తీసుకుపోయాయి. ఇప్పుడు మిగిలింది యాభై మంది చుట్టుపక్కల. సెల్యులార్ జైలుకెళ్లి మన్యం తిరుగుబాటులో పట్టుబడి అక్కడికి చేరిన మనవాళ్లను తలుచుకుని కళ్లు తుడుచుకునే తెలుగువాళ్లం, ఆ జైలు కట్టిన నేల అసలు మనుషులకు ఏమైందో ఒక్క నిమిషం ఆగి అడగం.

మీకు తెలియని సంగతులు కావివి. 2002 మేలో సుప్రీంకోర్టు, జరావాల అడవి గుండా పోయే చోట్ల ట్రంక్ రోడ్డు మూసేయమంది. అమలు కాలేదు. 2004లో ప్రకటించిన జరావా విధానం, ఆ రోడ్డు మీద రాకపోకలు తగ్గించాలనే చెప్పింది. 2012 జనవరిలో, తిండి ఆశ చూపి జరావా ఆడవాళ్లచేత డాన్స్ చేయించిన వీడియో ఒక బ్రిటిష్ పత్రిక బయటపెట్టింది. దేశమంతా తల దించుకుంది. ఆ ఏడాదే ఆదివాసీ తెగల రక్షణ చట్టాన్ని గట్టిపరిచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో టూరిస్టుల్ని ఆ రోడ్డు ఎక్కకుండా ఆపింది. మార్చి వచ్చేసరికి గేటు మళ్లీ తెరుచుకుంది. ఆ కొన్ని వారాలు బారటాంగ్ టూరు లేకపోయినా మీ దీవులు మునిగిపోలేదు.

గుహలు బాగుంటాయి, కాదనను. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర కారు వదిలి బండ్లు, మనుషులు కలిసి ఎక్కే పెద్ద పడవలో బారటాంగ్ చేరాలి. అక్కడినుంచి స్పీడ్‌బోటు. మడచెట్లు రెండువైపులా దగ్గరకొచ్చి, నీటి మీద పచ్చని కప్పు వేసినట్టు ఉండే కాలువలోకి బోటు వేగం తగ్గించి దూరుతుంది. మా పిల్లలు మాట్లాడడం మానేసింది అక్కడే. తరవాత నయాడేరా నుంచి కిలోమీటరున్నర నడక, మధ్యలో పొలాలు, నిమ్మరసం అమ్మే ఇళ్లు. గుహలో సున్నం చుక్క చుక్కగా కారి గడ్డకట్టిన ఆకారాల్ని టార్చి వేసి చూపించారు. మా అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి చివరిదాకా నడిచింది. గుహలో ఉన్నది అరగంట కూడా కాదేమో. తర్వాత మళ్లీ పరుగు, తిరుగు కాన్వాయ్ తప్పితే రాత్రి అక్కడే ఉండిపోవాలని. ఇంత అందమైన చోటికి వెళ్లి, గంట గంటకీ టైం చూసుకునే టెన్షన్‌తో తిరిగొచ్చాం.

బోట్ల వాళ్లు, నిమ్మరసం అమ్మే వాళ్లు, భోజనం హోటళ్ల వాళ్లు ఆ టూరు మీదే బతుకుతున్నారు. వాళ్ల పొట్ట కొట్టమని నేను అనడం లేదు. సముద్రం మీద వచ్చే టూరిస్టు కూడా అదే బోటు ఎక్కుతాడు, అదే నిమ్మరసం తాగుతాడు. ఇంకా నయం, కాన్వాయ్ గంట కొట్టినట్టు పరిగెత్తక్కర్లేదు కాబట్టి కాస్త ఎక్కువసేపే ఉంటాడు. రంగత్‌కు, లాంగ్ ఐలాండ్‌కు మీ ప్రభుత్వ పడవలు ఇప్పటికే వెళ్తున్నాయి, అంటే ఆ నీళ్లు మీ వాళ్లకు కొత్త కాదు. బారటాంగ్‌కు సముద్ర మార్గం అన్న మాటా చాలా ఏళ్లుగా వినిపిస్తోంది. వానాకాలంలో సముద్రం పోటుమీద ఉంటే పడవలు ఆగిపోతాయంటారా, ఆగిపోనివ్వండి. జాలీ బాయ్ దీవిని ఏడాదిలో కొన్ని నెలలు మూసి, ఆ నెలల్లో రెడ్ స్కిన్ దీవిని తెరుస్తున్నారు కదా. పగడాలకు ఇస్తున్న విశ్రాంతి మనుషులకు ఇవ్వలేమా?

జాలీ బాయ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అక్కడికి పడవెక్కే వండూర్ జెట్టీ దగ్గర, ప్లాస్టిక్ ఉందేమోనని మా సంచులు విప్పించి బిస్కెట్ ప్యాకెట్ కవరు దాకా చూశారు. నీళ్ల సీసాకు డిపాజిట్ కట్టించుకున్నారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. మీ యంత్రాంగం తలుచుకుంటే ఎంత పకడ్బందీగా చేయగలదో అక్కడ చూశాను. కాబట్టి జిర్కటాంగ్‌లో కుదరదంటే నమ్మడం కష్టం.

డ్రైవర్ల గురించి కూడా ఒక మాట. మా కారు నడిపిన తమ్ముడు అక్కడే పుట్టినవాడు, తాతల ఊరు శ్రీకాకుళం వైపు. తెలుగు, హిందీ కలిపి మాట్లాడతాడు. ముందు రాత్రి వేరే వాళ్లను జైలు దగ్గర లైట్ అండ్ సౌండ్ షో నుంచి హోటల్‌కి దింపి, కాసేపు కన్ను మూసి, రెండున్నరకు మా దగ్గరికి వచ్చాడు. కాన్వాయ్‌లో ఓవర్‌టేక్ చేయడానికి లేదు, పక్కకు ఆపి కునుకు తీయడానికి అసలే లేదు. "సీజన్‌లో రోజూ ఇంతే అన్నా, వద్దంటే ఓనర్ ఇంకో డ్రైవర్‌కిస్తాడు" అన్నాడు. మా అమ్మ దారి పొడుగునా అతనితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, నిద్ర పట్టనివ్వకుండా. రోజంతా టూరు తిప్పే ప్రైవేటు కార్ల డ్రైవర్లకు ఇన్ని గంటలే పని, మధ్యలో ఇంత విశ్రాంతి అని లెక్క ఉండాలి. పర్మిట్ ఇచ్చేటప్పుడే అది అడగొచ్చు.

ఇంతకీ మాలాంటి వాళ్లంతా బారటాంగే ఎందుకు ఎంచుకుంటున్నారు? దక్షిణ అండమాన్‌లో ఒక రోజుకు కారు మాట్లాడుకుంటే ఆ రోజు నిండడం లేదు మరి. మీ దీవులు మన గడియారానికి బాగా తూర్పున ఉన్నాయి. అయిదు గంటలకే తెల్లవారిపోతుంది, సాయంత్రం అయిదు, అయిదున్నరకు సూర్యుడు దిగిపోతాడు. మ్యూజియాలు, ఛాతం రంపపు మిల్లు మాత్రం మెయిన్‌లాండ్ ఆఫీసు టైం పెట్టుకుని తీరిగ్గా తెరుచుకుంటాయి. దాంతో నాలుగు గంటల వెలుగు వృథా. మౌంట్ మణిపూర్ వెళ్లాలంటే ఛాతం నుంచి బంబూఫ్లాట్‌కు కారుతో సహా పడవ ఎక్కాలి, ఆ క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పాత ఇరవై రూపాయల నోటు మీద బొమ్మ ఈ కొండ మీంచి చూసిందే అని చెప్పి డ్రైవర్లు ఊరిస్తారు, తీరా చూస్తే సాయంత్రం చిడియాటాపు సూర్యాస్తమయం చేజారిపోతుంది. ఈ లెక్క కుదరక ఏజెంట్లు "ఒక ఫుల్ డే బారటాంగ్" అని వేసేస్తున్నారు.

అందుకని మ్యూజియాల్ని ఏడింటికి తెరిపించండి. బంబూఫ్లాట్ పడవకు టూరు కార్లు ముందే టైం బుక్ చేసుకునే వీలు కల్పించండి. మానవశాస్త్ర మ్యూజియంలో జరావాల గురించి, ఓంగేలనే ఇంకో ఆదివాసీ తెగ గురించి కారు అద్దంలోంచి చూసేదానికంటే ఎన్నో రెట్లు తెలుసుకోవచ్చు. అక్కడ తెలుగులో ఒక కరపత్రం పెట్టించండి, తమిళంలో, బెంగాలీలో కూడా. మా పిల్లలు అక్కడ వేసిన ప్రశ్నలు నన్ను చాలా రోజులు వదల్లేదు.

2023 జులైలో మీ విమానాశ్రయం కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. ఏడాదికి 50 లక్షల మందిని తట్టుకునేలా కట్టారు. అందులో పిసరంత భాగం బారటాంగ్ కారు మాట్లాడుకున్నా ఆ రోడ్డు ఏమవుతుందో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

పడవలు ఒక్క సీజన్‌లో సిద్ధం కావని నాకూ తెలుసు. అవి వచ్చేదాకా టూరిస్టుల ప్రైవేటు కార్లను జిర్కటాంగ్‌లోనే ఆపి, గుహలకు వెళ్లే వాళ్లను బస్సుల్లో, రోజుకొకే కాన్వాయ్‌లో పంపండి. పెద్దవాళ్లకు ఇబ్బందే. మా అమ్మను అడిగితే బస్సయినా ఫరవాలేదంది. ప్యాకేజీలో జరావాల పేరు పెట్టి అమ్మే ఏజెంటు లైసెన్సు ఆపండి. అన్నిటికంటే ముందు, రోజూ ఎన్ని టూరిస్టు బండ్లు ఆ గేటు దాటుతున్నాయో నెల నెలా బయటపెట్టండి. ఫారాలు మీ చెక్‌పోస్టులోనే ఉన్నాయి, కూడితే వచ్చే లెక్క.

ఇట్లు,
విజయనగరం నుంచి ఒక పర్యాటకుడు