ముడుమాల్ నిలువురాళ్ల నీడలో: మన సంఘం 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ ఆకాశ దర్శనాలు, బడి పిల్లలకు తరగతులు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులను కార్యదర్శి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఈ నివేదికలో ముఖ్యంగా చెప్పవలసింది ముడుమాల్ గురించే.

నారాయణపేట జిల్లాలో కృష్ణానదికి దగ్గరగా ఉన్న ఈ ఊళ్లో పూర్వకాలపు మనుషులు నిలబెట్టిన, 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు సుమారు 80 ఉన్నాయి. వరుసలు తీరిన చిన్న రాళ్లు వేలల్లో ఉంటాయి. వీటి వయసు 3,500 ఏళ్లకు తక్కువ కాదని పురావస్తు పరిశోధకుల అంచనా. 2025లో ఈ స్థలం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కింది. కొన్ని వరుసలు పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, పగలు అతి ఎక్కువగా లేదా అతి తక్కువగా ఉండే రోజుల్లో సూర్యోదయ, సూర్యాస్తమయాల దిక్కుకు సరిపోతాయని పురావస్తు పరిశోధకుడు ఆచార్య కె.పి.రావు చాలాకాలంగా చెబుతున్నారు.

పగలూ రాత్రీ సమానమయ్యే సెప్టెంబరు 23న వెళితే మబ్బు కమ్మేసింది. పగలు అతి తక్కువగా ఉండే డిసెంబరు 21న మళ్లీ వెళ్లాం. ఆగ్నేయం వైపు పొద్దు పొడిచింది. కాస్త పైకెక్కేసరికి ఒక రాయి నీడ చెలక మీదుగా వంద అడుగులు సాగింది. దాని కొసన పుల్ల గుచ్చాం. పది నిమిషాలకోసారి మరో పుల్ల. నీడ కుంచించుకుపోతూ ఉత్తరం వైపు తిరగడం పిల్లలు కళ్లారా చూశారు.

అక్కడ ఏడాది పొడవునా సూర్యుడు ఉదయించే చోటు తూర్పుకు అటూ ఇటూ సుమారు 24 డిగ్రీలు ఊగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఆ కదలిక రోజుకు సూర్యబింబంలో సుమారు ముప్పావు వంతు. డిసెంబరు చివర్లో అది కంటికి ఆనదు. అందుకే ఒక్క ఉదయం చూసి తేల్చకూడదు. పైగా వేల రాళ్లలో ఏవో రెండు సూర్యుడికి ఎదురుగా రావడం యాదృచ్ఛికం కావచ్చు. ఐర్లండ్‌లోని పురాతన సమాధి న్యూగ్రేంజ్‌లో ఆ చిక్కు లేదు: తలుపు పైన ప్రత్యేకంగా వదిలిన సందులోంచి డిసెంబరు 21 ప్రాంతంలో మాత్రమే ఎండ 19 మీటర్ల దారి దాటి లోపలి గదిని తాకుతుంది. ముడుమాల్‌కు అంతటి గట్టి రుజువు కావాలంటే ప్రతి వరుస దిక్కునూ కొలవాలి. ఈ రాళ్ల మీద మనకున్న ప్రేమకు ఆ ఓపికే తగినది.

ఊరివాళ్లు వీటిని తిమ్మప్పగా కొలుస్తారు. ఒక రాయికి పసుపు, కుంకుమ పెట్టి ఉన్నాయి. మేము చెప్పులు విప్పి దగ్గరికి వెళ్లాం.

తదుపరి ప్రయాణం 2026 మార్చి 20 సాయంత్రం, సూర్యాస్తమయానికి. దిక్సూచి, టేపు సంఘమే తెస్తుంది. చిన్న రాళ్ల మీద ఎవరూ కూర్చోవద్దు, వాటిని జరపవద్దు.