ఫొటోలో రాని మూడు మెట్లు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ విశాఖ పేజీలో, కొత్త హంగులు దిద్దుకున్న ద్వారకానగర్ బ్యాంకు శాఖ ఒకదాని ఫొటో వేశారు. అద్దాల తలుపులు, తళతళలాడే గ్రానైటు బాగానే పడ్డాయి. గుమ్మం ముందున్న మూడు మెట్లు మాత్రం పడలేదు.

పక్షవాతం వచ్చాక మా అమ్మ చక్రాల కుర్చీలోనే తిరుగుతోంది. లాకరు తీయాలంటే ఆవిడే రావాలన్నారు, తీసుకెళ్లాను. ముందు నుంచి గార్డు లాగుతుంటే వెనక నుంచి తోశాను. మెట్ల దగ్గరున్న నున్నటి ర్యాంపు మీద నా చెప్పు జారి, కుర్చీ వెనక్కొచ్చి నా మోకాళ్లకు తగిలి ఆగింది. అమ్మ చాలాసేపటి దాకా కళ్లు తెరవలేదు. తీరా లోపలికెళ్తే లాకరు గదికి వెళ్లే మలుపులో కుర్చీ తిరగలేదు. బాత్రూమ్ తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంది. తీసి చూస్తే మాపులు, ఫినాయిల్ డబ్బాలు. “ముందే ఫోన్ చేస్తే బయటికొచ్చి సంతకం తీసుకునేవాళ్లం కదమ్మా” అన్నారు బ్యాంకు వాళ్లు. ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన మనిషి నడిరోడ్డు మీద ఎండలో సంతకం పెట్టాలా?

మర్నాడు టేపు పట్టుకెళ్లి కొలిచాను. మెట్ల ఎత్తు అడుగున్నర. జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పే 1:12 వాలు లెక్కన, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున, 18 అడుగుల ర్యాంపు కావాలి. అక్కడున్నది ఐదడుగులు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, ఈ ప్రమాణాలు పాటించని భవనానికి ప్లాను అనుమతీ ఇవ్వకూడదు, కంప్లీషన్ సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. జనం వచ్చిపోయే పాత భవనాలు సరిచేయడానికిచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే అయిపోయింది. ఈ ప్రమాణాలను తప్పనిసరి నిబంధనలుగా మార్చమని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి మూడు నెలల గడువు కూడా పెట్టింది. కానీ ప్లాను కాగితం మీద ర్యాంపు గీసి అనుమతి తెచ్చుకుంటారు. తర్వాత ఇంటీరియర్ పని వాళ్లు వచ్చి నేల ఎత్తు పెంచి, గదుల మధ్య అద్దాలు బిగించి, ఉన్న దారి కూడా మూసేస్తారు. ఆ పని జరుగుతున్నప్పుడు వచ్చి చూసే అధికారి ఎవరు? ఇంటి ముందు రేకు దించితే సాయంత్రానికల్లా వచ్చే సిబ్బందికి ఇది ఎందుకు కనబడదు? బ్యాంకులే కాదు, ఆస్పత్రులూ, బట్టల షాపులూ ఇదే వరస.

ఈసారి ఇలాంటి ఫొటో వేసేటప్పుడు గుమ్మాన్ని కూడా చూపించండి. అమ్మ లాకరు ఇంకా తెరవలేదు.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం