కాలవ సంగతి రాయరేం?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీరు వేసిన ‘మెదడులో పురుగు’ వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక వల్ల కాక రాస్తున్నాను. పంది మాంసం తిన్నవాళ్లకే ఈ జబ్బు అని తేల్చేసి, పక్కన క్యాబేజీ పురుగు బొమ్మ కూడా వేశారు. ఆ పచ్చ పురుగుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదండీ.

మా తమ్ముడి కొడుక్కి 11 ఏళ్లు. గుడ్డు కూడా ముట్టని ఇల్లు. సంక్రాంతి ముందు అన్నం తింటూ ఉండగా కుడిచెయ్యి టపటపా కొట్టుకుని పళ్లెం ఎగిరిపడింది. పక్కింటివాళ్లు తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. స్కాన్ తీస్తే మెదడులో ఒకే ఒక్క తిత్తి, చుట్టూ వాపు. మీ వార్త వచ్చాక చుట్టాలకి కొత్త మాట దొరికింది: “ఎక్కడో చాటుగా తినుంటాడు!” బడిలో కూడా అదే మాటట.

డాక్టరుగారు మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకెక్కేది మాత్రం ఆ పురుగు గుడ్లు మింగితే. పురుగున్న మనిషి మలంలోంచి వస్తాయవి. తినేది ఒకరు, ఫిట్స్‌తో పడేది ఇంకొకరు.

పైగా అందరికీ ఒకే తీరుగా రాదట. తిత్తి ఎక్కడుంది, ఎన్నున్నాయి, బతికుందా, చస్తోందా, సున్నపు చుక్కలా గట్టిపడిందా చూశాకే మందు. మెదడు కండలో ఉంటే ఫిట్స్. నీటి గదుల్లో ఇరుక్కుంటే నీరు కదలక తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ఆపరేషనే. బతికున్నప్పుడు ఏళ్ల తరబడి కిక్కురుమనదు, చచ్చేటప్పుడే వాపు తెస్తుంది. మీ విలేకరేమో “నులిపురుగుల బిళ్ల వేసుకుంటే చాలు” అని రాశారు! బడిలో ఇచ్చే ఆ ఒక్క ఆల్బెండజోల్ పేగులోని పురుగులకి. మెదడుకైతే అదే మందు రోజుల తరబడి, వాపు పెరక్కుండా స్టెరాయిడ్‌తో కలిపి, డాక్టరు చెప్పినట్టు వాడాలి.

ఇంతకీ గుడ్లు ఎక్కడివి? మా మంచినీళ్ల చెరువు నిండేది కాలవతో. రాత్రి పదకొండు దాటాక సెప్టిక్ ట్యాంకు లారీ గట్టు మీద లైట్లార్పుకుని పైపు వదుల్తుంది. తెల్లారేసరికి ఆ రేవులోనే తోటకూర కట్టలు ముంచి సంతకి పట్టుకెళ్తారు. రెండుసార్లు అర్జీ పెట్టాను. పంచాయతీ వారు ఇరిగేషన్‌ని అడగమన్నారు, ఇరిగేషన్ వారు పంచాయతీనడగమన్నారు. ఈలోగా పరిశుభ్రత మీద ర్యాలీ తీసి ఫొటో దిగారు. అది మాత్రం మీ జిల్లా పేజీలో రంగుల్లో వచ్చింది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోతే పెద్దలంతా పరుగెత్తుకొచ్చారు. అది వేరే సంగతే అనుకోండి. ఈ పురుగు తిరిగే చోట్ల మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతం దీనివల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఒక్కొక్కరే పడితే ఎవరికి పట్టింది?

దిద్దుబాటు వెయ్యండి. ఎక్కడో మూల నాలుగు లైన్లు కాదు, ఆ వార్త వేసిన చోటే, అంతే పెద్దక్షరాల్లో. మావాడి క్లాసు పిల్లలకి కనపడాలి.

— మీ పాత చందాదారు,
పాలకొల్లు దగ్గర ఒక పల్లె