నయా ఖిలా చెట్టు చూడాలంటే ఎవర్నడగాలి?

ఎడిటర్ గారికి,

గోల్కొండ కోటకి వెళ్ళే వాళ్ళలో చాలామందికి పక్కనే నయా ఖిలా ఉందనే తెలీదండీ. 1656లో మొగలులు దండెత్తాక అబ్దుల్లా కుతుబ్ షా కోటకి కలిపించిన భాగం అది, ఇప్పుడు గోల్ఫ్ కోర్సూ అక్కడే, లోపల హతియాన్ చెట్టుంది, ఆఫ్రికా జాతి బావోబాబ్, మాను ఎంత లావంటే లోపలి డొల్లలోకి మనుషులు దూరొచ్చు. కానీ గోల్ఫ్ కోర్సు దాటి ఆ చెట్టు దాకా వెళ్ళాలంటే ఎవర్నడగాలో తెలీదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో, గోల్ఫ్‌కి పుట్టిల్లంటారే అక్కడ, ఆదివారం మామూలుగా ఆట బంద్, ఊరి జనం కుక్కల్తో సహా నడుస్తారు, ఆ కోర్సులోనే ఉన్న స్విల్కన్ అనే పాత రాతి వంతెన మీద ఫొటోలు దిగుతారు. మనకి ఆట ఆపక్కర్లేదు (బంతి తగిలితే అదో గోల!), పొద్దున్నే కాసేపు గైడ్‌తో చెట్టు దాకా పంపిస్తే చాలు. టైమింగ్స్ ఏంటో, పర్మిషన్ ఎవర్నడగాలో కోట టికెట్ కౌంటర్ దగ్గర తెలుగులో, ఉర్దూలో ఓ బోర్డు పెట్టించండి.

- ఓ పాఠకుడు, టోలీచౌకి, హైదరాబాద్