ఫైటర్ చేపపిల్లలు పెంచుతానంటున్న మామకు

కర్నూలు,
సి.క్యాంపు

రేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీలు రాస్తే అందులో ఒకటిన్నర పేజీ ఆ నీలం ఫైటర్ గురించే. ఇంట్లో అందరూ ఎట్లున్నారో ఒక్క ముక్క లేదు. ఇక్కడ మేం బాగున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి అమ్మకు మోకాళ్ల నొప్పి రొంత ఎక్కువైంది, అంతే.

జత కట్టించడం ఎట్లా అని అడిగినావు. అది వాటి పని రా, అవే చూసుకుంటాయి. నువ్వు అడగాల్సింది వేరే ఉంది: పుట్టిన పిల్లలకు మొదటి వారం ఏం పెట్టాలి? గుడ్లు పెట్టించడం వచ్చినోళ్లు చానామంది ఉన్నారు, ఆ పిల్లల్ని నెల దాటించినోళ్లు తక్కువ. అందుకే నేను వెనక నుంచి మొదలుపెడతా.

ఫైటర్ పిల్ల నోరు కంటికి ఆనదు. అంగట్లో దొరికే గింజల మేత ఎంత నలిపినా దాని నోట్లో పట్టదు. ఉడికించిన గుడ్డు పచ్చసొన వెయ్యమని ఎవరన్నా చెప్తే వినొద్దు, సాయంత్రానికి నీళ్లు కంపు కొడతాయి. జత కట్టించే ఆలోచన వచ్చిన రోజే ఒక సీసాలో పాత తొట్టి నీళ్లు పోసి, క్యాబేజీ ఆకు ఒకటి వేసి, మూత గట్టిగా బిగించకుండా కిటికీ పక్కన పెట్టు. మొదట తెల్లగా కలక తేలి వాసనొస్తుంది. ఇంట్లో ఆడోళ్లు తిడతారు, గమ్మునుండు. తర్వాత నీళ్లు తేటపడతాయి. టార్చి వేసి చూస్తే సన్నటి నలుసుల్లాంటి జీవాలు కదులుతుంటాయి, అదే ఇన్‌ఫుసోరియా. మొదటి మూడు నాలుగు రోజులు పిల్లలకు అదే ప్రాణం.

ఆ తర్వాత ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే సన్న రొయ్యలాంటి జీవి. దాని గుడ్లు పెద్ద అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు కలిపి, గుడ్లు చిటికెడు వేసి, గాలి గొట్టం పెట్టి బాగా బుడగలు రానిస్తే ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి. గాలి ఆపేసి కాసేపు వదిలెయ్యి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి. సీసా కింది భాగాన లైటు పెడితే పొదిగినవన్నీ అక్కడ గుమిగూడతాయి. సన్న పైపుతో లాగి, మంచి నీళ్లతో కడిగి వెయ్యాలి. వేసిన కాసేపటికి పిల్లల పొట్టలు నారింజ రంగులో కనిపిస్తాయి చూడు, అప్పుడు నువ్వు నిమ్మళంగా పడుకోవచ్చు. పొట్ట రంగు మారని పిల్లకు తిండి అందలేదన్నట్టే.

ఇప్పుడు పెద్దవాటి సంగతి. నీ నీలం దాని రెక్కలు బారుగా ఉన్నాయంటివి కదా, మొదటిసారికి దాన్ని పెట్టొద్దు. ఆ బరువైన రెక్కలతో అది ఆడదాన్ని చుట్టుకోలేక ఇబ్బంది పడుతుంది. పొట్టి రెక్కల ప్లాకాట్ జత తీసుకో. చూడ్డానికి అంత సోకు ఉండదు గానీ పని తెలిసిన చేప. రెండింటికీ పది పదిహేను రోజులు వేరువేరుగా మంచి మేత పెట్టు. దోమ పిల్లలకు మించిన మేత లేదు, కానీ మురికి కాలువల్లోవి తేవద్దు, రోగాలు వస్తాయి. మిద్దె మీద బకెట్లో నీళ్లుంచితే అవే పుడతాయి. పైన దోమతెర కట్టు, రోజూ వడగట్టి వెయ్యి. ఒక్కరోజు ఏమరితే డెంగీని ఇంట్లో పెంచినట్టే.

తొట్టిలో నీళ్లు అయిదారు అంగుళాలు చాలు. థాయిలాండ్‌లో ఇది వరి మళ్లలో, లోతులేని మడుగుల్లో బతికే చేప. అక్కడోళ్లు 2019లో దీన్ని తమ జాతీయ జలచరంగా కూడా ప్రకటించుకున్నారు. అడుగున ఇసక, గులకరాళ్లు ఏమీ వద్దు, గుడ్లు వాటి సందుల్లో పడితే మగదానికి దొరకవు. మన కుళాయి నీళ్లలో బ్లీచింగు ఉంటుంది కాబట్టి ఒక రోజు పట్టి ఉంచి పొయ్యి. వేడి 27, 28 డిగ్రీలుండాలి. మన దగ్గర ఈ వానాకాలం దానికి బాగా కుదురుతుంది. ఏప్రిల్, మే నెలల జోలికే పోవద్దు, సంక్రాంతి చలికైతే చిన్న హీటరు కావాలి. ఎండి రాలిన బాదం ఆకు ఒకటి కడిగి వెయ్యి. మనం చిన్నప్పుడు రాళ్లేసి కాయలు కొట్టుకున్న ఆ బాదం చెట్టుదే, కొనే బాదం పప్పుది కాదు. నీళ్లు టీ రంగుకు వస్తాయి, చేపలకు అది హాయి.

ముందు మగదాన్ని వదులు. ఆడదాన్ని గాజు గ్లాసులో పెట్టి తొట్టి మధ్యలో నిలబెట్టు, ఒకదాన్నొకటి చూసుకోనీ. మగది నీళ్ల మీద నురగ గూడు కట్టాలి. ఆడదాని ఒంటి మీద నిలువు చారలు, పొట్ట కింద తెల్ల చుక్క కనిపించాలి. అడ్డ చారలు వచ్చినాయంటే భయపడిందని, ఆ రోజుకు తీసెయ్యి. అన్నీ కుదిరినాక వదిలితే మొదట తరుముకుంటాయి, రెక్కలు చిరుగుతాయి. కంగారు పడొద్దు, దాక్కోవడానికి ఆడదానికి రొంత నాచు వేసి ఉంచు. కానీ ఆడది మూలకు చేరి కదలకుండా ఉంటే మాత్రం ఆపెయ్యాలి.

గూడు కింద మగది ఆడదాన్ని వంగి చుట్టుకుంటుంది. విడిపోయినాక ఆడది కాసేపు స్పృహ తప్పినట్టు పక్కకు ఒరిగి తేలుతుంది. బొంబాయి రవ్వంత తెల్ల గుడ్లు రాలుతుంటే మగది గబగబా కిందికి పోయి నోటితో ఏరి, గూట్లో ఉమ్ముతుంది. మళ్లీ వచ్చి చుట్టుకుంటుంది. గంటల తరబడి ఇదే పని. నేను ఆఫీసుకు ఆలస్యమైనా అక్కణ్ణుంచి లేవలేదు రా.

అయిపోతానే ఆడదాన్ని తీసెయ్యి, లేకపోతే మగది దాన్ని కొట్టి చంపుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. పిల్లలు తోకలు కిందికి పెట్టి గూటికి వేలాడుతుంటాయి, జారిపడినవాటిని తండ్రి ఏరి పైన పెడుతుంటాడు. ఇంకో రెండు మూడు రోజులకు అడ్డంగా ఈదడం మొదలైతే ఆ తండ్రిని కూడా తీసెయ్యాల్సిందే. అంత చాకిరీ చేసినోడే ఆకలేస్తే పిల్లల్ని తింటాడు.

తొట్టి మీద మూత మర్చిపోవద్దు. మూడు నాలుగు వారాల వయసులో వాటికి పైగాలి పీల్చే అవయవం తయారవుతుంది. అప్పుడు నీళ్ల పైన గాలి కూడా వెచ్చగా, తేమగా ఉండాలి. మన సీమ పొడిగాలి నేరుగా తగిలితే టపటపా పోతాయి.

రెండు మూడు నెలలకు మగపిల్లలు కొట్లాట మొదలుపెడతాయి. ఒక్కోదానికి ఒక్కో సీసా, మధ్యలో అట్టముక్క. ఒక్క కాన్పులో వందకు పైగా బతికినా బతకొచ్చు, లెక్క నువ్వే వేసుకో. అన్ని సీసాల నీళ్లు మార్చే ఓపిక నీకుందా? లాభం వస్తుందనుకుంటే ముందే మీ ఊరి షాపు అతన్ని అడుగు, ఎన్ని కొంటాడు, ఎంతకు కొంటాడు అని. నాకైతే ఇది డబ్బు పని కాదు.

మా చెల్లెమ్మకు చెప్పి ఖాళీ హార్లిక్స్ సీసాలు పారెయ్యకుండా దాయించు. దసరాకు వస్తావు కదా, పొద్దున్నే ఉగ్గాని బజ్జి తిని నా తొట్లు చూద్దువు. ఎర్ర ప్లాకాట్ జత నీ కోసం పక్కన పెట్టినా. కారులో తీసుకుపోవడానికి మూతున్న డబ్బాలు నువ్వే తెచ్చుకో, నా దగ్గర ఒక్కటీ ఖాళీ లేదు.

ఇట్లు
నీ మామ