ఆగస్టులో మా దగ్గర కాంపోజిట్ స్టిక్కులు కొన్నవాళ్లకి, మా బండి కోసం ఎదురుచూస్తున్నవాళ్లకి

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఈ ఆగస్టులో, అంటే 29న ధ్యాన్‌చంద్ పుట్టినరోజు క్రీడా దినోత్సవం కోసం స్కూళ్లన్నీ సామాను కొనే టైములో, మా షాపులో నలుపు మీద పసుపు గీతలున్న కాంపోజిట్ హాకీ స్టిక్కులు, అంటే కర్రతో కాకుండా పీచు పొరల్ని రెజిన్ అనే జిగురుతో అతికించి చేసినవి, కొన్నవాళ్లందరూ వాటిని వెనక్కి తెచ్చేయండి. విరిగినా తెచ్చేయండి, విరగకపోయినా తెచ్చేయండి. బిల్లు లేకపోయినా పర్లేదు, నేను అమ్మిన స్టిక్కు నేను గుర్తుపడతాను. డబ్బులు కావాలంటే డబ్బులు, వేరే స్టిక్కు కావాలంటే స్టిక్కు. ఒకటి గమనించండి, 2025 సెప్టెంబరు 22 నుంచి ఆట సామాన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అయినా మీరు ఆగస్టులో ఎంత కట్టారో అంతా ఇస్తాను, ఇప్పటి రేటు కట్టి ఇవ్వను.

ఎందుకు ఇలా అంటున్నానంటే, మా విజయనగరంలో సిరిమాను పండగ అయిన వారానికి బొబ్బిలి వైపు నుంచి ఒక పీఈటీ మాస్టారు గోనెసంచి భుజాన వేసుకుని బస్సు దిగి షాపుకి వచ్చారు. సంచి విప్పితే పదకొండు స్టిక్కులు. నాలుగు మధ్యకి విరిగాయి, మిగతావాటికి కింద వంపు దగ్గర పొరలు విడిపోయి, నానిన అట్ట పెచ్చులు లేచినట్టు లేచిపోయాయి. ఆయన అరవలేదు. "బాబూ, సగం డబ్బులు పిల్లలు వేసుకున్నవే, రెండు నెలలు తిరక్కుండానే ఇలా అయ్యాయి" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి షట్టర్ దించేశాక లోపలే కూర్చుని ఒక స్టిక్కుని హాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాను. పక్కన మంచి కంపెనీది, ఎప్పుడో విరిగింది ఒకటి ఉంటే దాన్నీ అదే చోట కోసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

మంచిదాని గోడ చుట్టూ ఒకే మందంతో ఉంది, పీచు పొర మీద పొర ఒత్తుగా అంటుకుని ఉంది. మనం అమ్మినదాని గోడ ఒక పక్క రూపాయి బిళ్ల మందం కూడా లేదు, ఇంకో పక్క రెజిన్ గడ్డ కట్టి ఉంది, మధ్యలో చిన్న చిన్న గాలి బుడగలు. పైన కార్బన్ అని పెద్ద అక్షరాలు, లోపల దాదాపు అంతా తెల్లటి గాజు పీచు. గాజు పీచు అంటే తక్కువరకం అని కాదు, కొత్తగా నేర్చుకునే పిల్లలకి కార్బన్ తక్కువ, గ్లాస్ ఫైబర్ ఎక్కువ ఉన్న స్టిక్కే మంచిది, బంతి సరిగ్గా తగలకపోయినా చేతులు జివ్వుమనవు, దెబ్బ కూడా కాస్త ఓర్చుకుంటుంది. కానీ లోపల ఒకటి పెట్టి పైన ఇంకొకటి రాయడం మోసం. పంపిన హోల్‌సేల్ అతనికి ఫోటోలు పెట్టాను, ఇంతవరకు జవాబు లేదు. అయినా మీకు అమ్మింది అతను కాదు, నేను. మామూలు రేటులో సగానికి వస్తుందంటే సీజన్ కదా అని ఆశపడ్డాను, ఒక్క స్టిక్కుని కూడా గ్రౌండులో కొట్టి చూడకుండానే అరవై తెప్పించేశాను. ఆ తప్పు నాదే. ఇక మీదట ఏ కొత్త రకం వచ్చినా ముందు రెండు తెప్పించి, విజ్జీ స్టేడియం వైపు పొద్దున్నే ఆడే కుర్రాళ్లకి ఇచ్చి, నెల రోజులు చూశాకే షాపులో పెడతాను.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మంచి కాంపోజిట్ స్టిక్కు అయినా మన గ్రౌండ్ల మీద ఎక్కువ కాలం రాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ అంతా సింథటిక్ టర్ఫ్ మీదకి వెళ్లిపోయింది, ఆ టర్ఫ్ తడిపి ఆడతారు, దాని మీద స్టిక్కు జారుతుంది. ఇప్పటి స్టిక్కులు తయారయ్యేది ఆ నేల కోసం. మన పిల్లలు ఆడేది ఎర్రమట్టి, గ్రావెల్ మీద. స్టిక్కు కొస నేలకి రాసుకున్న ప్రతిసారీ ఉప్పు కాగితంతో రుద్దినట్టే. ముందు రంగు పోతుంది, తర్వాత రెజిన్ పోతుంది, పీచు బయటపడుతుంది, అక్కడి నుంచి మట్టి, తడి లోపలికి వెళ్లి పొరలు విడిపోతాయి. ఇక టాక్లింగ్‌లో స్టిక్కుకి స్టిక్కు తగిలినప్పుడు లోపల సన్నటి చీలిక పడితే అది పైకి కనిపించదు. మల్బరీ కర్ర అలా కాదు, విరిగే ముందు పేళ్లు లేస్తుంది, గీత పడుతుంది, చేతికి తెలుస్తుంది. కార్బన్ ఏమీ చెప్పదు, చివరి రోజు దాకా కొత్తదానిలా మెరుస్తుంది, మెరుస్తూనే పుటుక్కుమంటుంది.

అందుకే కాంపోజిట్ వాడేవాళ్లు వారానికి ఒకసారి ఒక పని చేయండి. స్టిక్కుని గ్రిప్పు దగ్గర రెండు వేళ్లతో వదులుగా వేలాడదీసి, రూపాయి బిళ్లతో పై నుంచి కింద వరకు అంగుళం అంగుళం తట్టండి. బాగున్న చోట టకటకమని గట్టిగా మోగుతుంది. ఎక్కడైనా తడిసిన చెక్క మీద తట్టినట్టు మొద్దుగా వినిపిస్తే అక్కడ పొర విడిపోయినట్టే, ఆ స్టిక్కు మ్యాచ్‌కి తీసుకెళ్లకండి.

కర్ర స్టిక్కుల గురించి నాకు తెలిసింది చాలావరకు మా నాన్నగారి నుంచి వచ్చింది, కొంత మాత్రం 2014 హుద్‌హుద్ తుఫాను నేర్పింది. మన దేశంలో కర్ర స్టిక్కులు ఎక్కువగా జలంధర్, మీరట్ నుంచి వస్తాయి. జలంధర్‌కి ఆ పని దేశ విభజన అప్పుడు సియాల్‌కోట్ నుంచి వచ్చిన పనివాళ్లతో వచ్చింది. కింద మల్బరీ, అంటే పట్టు పురుగులకి ఆకు వేస్తామే ఆ చెట్టు, పాత పద్ధతి స్టిక్కుకి పైన పేము పిడి, రెండిటినీ ఆప్పు, అంటే ఒకదానిలో ఒకటి దిగే అతుకు, కోసి జిగురుతో అతికించి దారం చుడతారు. అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా గోదాము రేకులు లేచిపోయి యాభై పైన స్టిక్కులు రాత్రంతా వానలో నానాయి. తెల్లారి ఎండ కాసిందని కొన్నిటిని మేడ మీద ఆరబెట్టాను. సాయంత్రానికి అవన్నీ నిలువునా చీలాయి. నాన్నగారు మిగతావాటిని ఎండలోకి పోనివ్వలేదు, వరండాలో తాడు కట్టి నీడలో వేలాడదీసి ఇరవై రోజులు ఉంచారు, తర్వాత ఒక్కోదానికి అవిసె నూనె గుడ్డతో రుద్దారు. నీడలో ఆరినవి దాదాపు అన్నీ దక్కాయి. కర్రకి తడి ఎంత శత్రువో తొందరగా ఆరబెట్టడం అంతకంటే శత్రువు. మన పక్క ఉక్కపోత ఎక్కువ కాబట్టి నెలకోసారి పలచగా అవిసె నూనె రాయండి, ఒక పూట ఆరనివ్వండి, స్టిక్కులు బాత్రూమ్ పక్క మూల పెట్టకండి.

ఇప్పుడు బండి సంగతి. మూడు వారాలుగా సాలూరు, పార్వతీపురం ఆర్డర్లు ఆలస్యం అయ్యాయి, ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ "రేపు వస్తుంది సార్" అని చెప్పాను, అలా చెప్పకుండా ఉండాల్సింది. నిజం ఏంటంటే ఇన్నాళ్లూ బండి ఇంజిన్ విప్పి ఉండిపోయింది. మాది 2009 మోడల్ టాటా ఏస్, 702 సీసీ, రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిన్. గజపతినగరం దాటాక రేడియేటర్ హోస్ పైపు పగిలి నీళ్లన్నీ పోయాయి. టెంపరేచర్ ముల్లు పైకి లేవడం చూశాను. చూసి కూడా, రోడ్డు మీద ఎండలో ఎందుకు, ముందున్న చింతచెట్టు నీడలో ఆపుదాంలే అని లాగించాను. కిలోమీటరున్నర ఉంటుందేమో. అంతలో హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింద బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు, పోయింది. సాయంత్రం మా మెకానిక్ బాబాయి డిప్‌స్టిక్ బయటికి తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే నీళ్లు కలిసిపోయాయి. అక్కడికక్కడే ఆపి ఉంటే కొన్ని వందల పైపుతో పోయేది.

చాలామంది అమ్మేయమన్నారు, తుక్కుకి ఇచ్చేయమన్నారు. నేనూ రెండు రోజులు ఆలోచించాను. కొత్త బండి అంటే నెల నెలా కిస్తీ, ఆ కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది, మీరు కొనే బంతి మీద, గ్రిప్పు మీద వేయాలి. బాబాయి హెడ్ విప్పి స్కేలు పెట్టి చూసి, వంగింది కానీ పగలలేదు, లేత్‌లో సాపు చేయిస్తే సరిపోతుంది, కింద బ్లాక్ బాగుంది అన్నారు. ఏస్ పార్టులు ఇంకా ఏ ఊళ్లో అడిగినా దొరుకుతాయి, విడిభాగాల మీద పన్ను కూడా 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దిగింది. బరువైన సంగతి ఒకటే, ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి, పదిహేనేళ్లు దాటిన వాటికి ఆ ఫీజు బాగా ఎక్కువ. అయినా లెక్క వేసుకుంటే నడిపించడమే మేలనిపించింది. ఆ పాత హోస్ పైపుని బాబాయి నా ముందే కత్తితో నిలువునా చీల్చి చూపించారు. పైకి నున్నగా నల్లగా ఉంది, లోపల రబ్బరు పగిలి, వేలితో గీస్తే పొడి రాలింది. కోసి చూసిన ఆ స్టిక్కే గుర్తొచ్చింది. ఇప్పుడు హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, బ్రేకు రబ్బర్లు ఎప్పుడు వేశామో తేదీలు డోర్ లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టాను. బాగున్నట్టు కనిపించినా టైము అయితే మార్చేయడమే.

ఇక నుంచి బండి వారానికి ఒక్కరోజే, గురువారం, గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి, పార్వతీపురం. సాలూరుకి వారం విడిచి వారం. పొద్దున్న ఆరుకే బయలుదేరుతుంది. ఇంజిన్ కోసం ఒకటైతే, మధ్యాహ్నం ఎండకి ఆ మూసిన డబ్బా లోపల వేడికి జిగురు మెత్తబడుతుంది, పోయిన వేసవిలో నాలుగు స్టిక్కుల గ్రిప్పులు ఊడి వచ్చాయి, అప్పుడు మీకు చెప్పలేదు, మార్చి ఇచ్చేశాను. శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి వైపు వాళ్లకి ఆర్టీసీ కార్గోలో పంపిస్తాను, ఛార్జీ ఎంత పడితే అంతే.

రిపేరు కూడా మళ్లీ మొదలుపెడుతున్నాను. నాన్నగారు పోయాక నేను అది పక్కన పెట్టేశాను, కొత్తది అమ్మితే లాభం ఎక్కువ కాబట్టి. కర్ర స్టిక్కు కొస అరిగితే గ్లాస్ ఫైబర్ గుడ్డ, రెజిన్ వేసి కట్టు కడతాను, ఆప్పు దగ్గర వదులైతే విప్పి జిగురు పెట్టి దారం చుడతాను. కట్టు కట్టాక స్టిక్కు 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలి, బరువు 737 గ్రాములు దాటకూడదు, అది అంతర్జాతీయ రూలు. ఆ కొలతకి ఇనప రింగు ఒకటి చేయించి కౌంటర్ మీదే పెట్టాను, మీ ముందే దూర్చి చూపించి ఇస్తాను, సెలక్షన్స్‌కి వెళ్లిన పిల్లని అక్కడ ఆపితే ఎంత టెన్షనో నాకు తెలుసు. కాంపోజిట్ స్టిక్కు కొస అరిగితే చేస్తాను, మధ్యలో చీలితే మాత్రం ఎంత బతిమాలినా చేయను. ఆ కట్టు ఆటలో ఊడితే కార్బన్ ముళ్లు చేతుల్లో దిగుతాయి.

గోల్‌కీపర్ సామాను విషయంలో పాతది నడిపిద్దాం అనే మాటే నా దగ్గర లేదు. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, రాయిలాంటిది. పోయిన నెల పార్వతీపురం వైపు ఒక స్కూల్లో పదో తరగతి అమ్మాయి కాళ్లకి కట్టుకున్న ప్యాడ్లు బొటనవేలితో నొక్కి చూశాను, పడిన గుంట అలాగే ఉండిపోయింది, ఫోమ్ చచ్చిపోయింది. ఆ పిల్ల మోకాలి కింద నీలం మచ్చలు. పట్టీలు తెగితే, వెల్‌క్రో పోతే చెప్పులు కుట్టే తాత దగ్గర కుట్టించి ఇస్తాను, కానీ ఫోమ్ పోయిన ప్యాడ్లు, చీలిన హెల్మెట్ ఎవరు తెచ్చినా రిపేరు చేయను. కొత్తవి కొనే స్థోమత ఆ స్కూలుకి లేకపోతే నాతో మాట్లాడండి మాస్టారూ, వాయిదాల మీద ఇస్తాను, వడ్డీ ఏమీ ఉండదు. తడిసిన ప్యాడ్లు మాత్రం ఎండలో పడేయకండి, ఫ్యాను కింద నిలబెట్టండి.

ఆ బొబ్బిలి మాస్టారికి పదకొండు మల్బరీ స్టిక్కులు సిద్ధమయ్యాయి, కొసలకి ముందుగానే కట్టు కట్టాను, ఈ గురువారం బండిలో వెళ్తున్నాయి. ఆగస్టువి ఇంకా ముప్పైకి పైగా మీ దగ్గరే ఉన్నాయి. ఆ రూట్లో ఉన్నవాళ్లు బుధవారం రాత్రి ఎనిమిదిలోపు ఫోన్ చేసి ఎన్ని ఉన్నాయో చెప్తే, బండి వచ్చినప్పుడే తీసుకుని డబ్బులు చేతికి ఇచ్చేస్తాను.