పాత గ్రిల్‌కి కొత్త భాగాలు కొనే ముందు

నాన్నా,

నువ్వు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని ఒక్కోటీ నిదానంగా చూశాను. ఆ గ్యాస్ గ్రిల్‌ని తుక్కులో వేయకుండా బాగుచేసి వాడుకుంటానన్నావు చూడు, ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఎవరో వాడి వదిలేసినంత మాత్రాన అది పనికిరాకుండా పోదు. మంట తగిలే భాగాలు, గ్యాస్ మోసే భాగాలు కాలంతో పాటు పాడవుతాయి. వాటిని విప్పి మార్చుకునేలాగే తయారుచేస్తారు కూడా. మిగతా ఒళ్ళంతా ఏళ్ళ తరబడి ఉంటుంది. కానీ నిన్న ఫోన్‌లో బర్నర్లు, గ్రేట్లు (వంట పెట్టే కడ్డీల జాలీలు), నాబ్‌లు అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేస్తానంటుంటే నాకు కాస్త టెన్షన్‌గా అనిపించింది. ఏది ముందు చూడాలి, ఏది మార్చాలి, దేని జోలికి పోకూడదు అన్నది ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏదీ కొనకముందు తొట్టి చూడు. బర్నర్లు కూర్చునే ఆ పెద్ద పెట్టె, ఫైర్‌బాక్స్ అంటారే, అది బాగుంటేనే మిగతావాటి గురించి ఆలోచించాలి. గ్రేట్లు, వాటి కింది హీట్ ప్లేట్లు, బర్నర్లు అన్నీ బయటికి తీసేసి, అడుగున పేరుకున్న మసి గీకేసి, టార్చి వేసి చూడు. ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకో. తొట్టి మందంగా ఉండి, అయస్కాంతం అతుక్కోకపోతే అది పోత అల్యూమినియం అయ్యుంటుంది. దానికి తుప్పు పట్టదు. తెల్లటి పొడి మాత్రం పడుతుంది, అది గీకితే పోతుంది. బీటలు ఉన్నాయేమో చూసుకుంటే చాలు. అతుక్కుంటే ఇనుప రేకు. అప్పుడు బర్నర్ చివరలు ఆనే చోట, మూలల్లో, అడుగున స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు. పైపై తుప్పయితే రాలిపోయి కింద గట్టి లోహం తగులుతుంది. మొన లోపలికి దిగిపోయిందంటే మాత్రం ఆ గ్రిల్ మీద ఆశ వదులుకో. చిల్లుపడిన తొట్టికి అతుకులు వేసి వాడొద్దు. ఆ చిల్లులోంచి వేడి, కాలుతున్న కొవ్వు కింద ఉన్న గ్యాస్ గొట్టం మీదకి దిగుతాయి. బండి కాళ్ళూ, సిలిండర్ కూర్చునే చోటూ కూడా ఇలాగే పొడిచి చూడు.

ఫొటోల్లో తొట్టి బాగానే కనిపిస్తోంది. మూత లోపల నల్లగా పెచ్చులు లేచింది పెయింట్ అనుకుని దిగులుపడ్డావు కదా. చాలావరకు అది పొగా జిడ్డూ కలిసి పొరలుపొరలుగా కాలి పేరుకున్న మసి. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగితే ఊడొస్తుంది. లోపల మాత్రం ఏ పెయింటూ వేయకు, వేడికి తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉన్నా సరే. ఆ పెయింట్ బయటివైపుకి మాత్రమే. ఇంకొకటి, ఓవెన్ క్లీనర్ చూసి తొందరపడకు. అందులో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, అది అల్యూమినియంని తినేస్తుంది.

ఇక గ్యాస్ దారి. సిలిండర్ దగ్గర మొదలుపెట్టి మంట దాకా గ్యాస్ ఎక్కడెక్కడ నడుస్తుందో వేలుతో చూపిస్తూ వెళ్ళు: రెగ్యులేటర్, గొట్టం, నాబ్‌ల వెనక ఉండే అడ్డ పైపు, వాల్వులు, బర్నర్ గొట్టాలు. ఈ దారిలో ఉన్న భాగాల దగ్గర పొదుపు చూడొద్దు. ఎల్‌పీజీలో ఉండే ప్రొపేన్ గాలి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. లీకయితే పైకెగిరి పోకుండా నేల మీదకి దిగి, బండి అరలోనో గుంటల్లోనో పేరుకుంటుంది. దానికి సొంత వాసన లేదు కాబట్టే మనకి తెలియడానికి ఘాటు వాసన కలుపుతారు. ఆ వాసన ఏ కొంచెం తగిలినా పని ఆపేసెయ్.

గొట్టమూ రెగ్యులేటరూ కొత్తవి కొనాల్సిందే. ఇందులో నాతో వాదించకు. పాతవి చూడ్డానికి బాగానే ఉండొచ్చు, కానీ ఎన్నేళ్ళు ఎండలో ఉన్నాయో, ఏ ఎలుక కొరికిందో నీకు తెలియదు. గొట్టాన్ని విల్లులా వంచి చూస్తే పైన సన్నటి పగుళ్ళు విచ్చుకుంటాయి, చాలాసార్లు అదే సాక్ష్యం. కొనేటప్పుడు గ్రిల్ మీద ఉన్న వివరాల ప్లేట్ చదువు. ఏ గ్యాస్‌కి చేశారో, ఎంత ప్రెషర్‌కో దాని మీదే రాసి ఉంటుంది. ఎల్‌పీజీ గ్రిల్, పైపు గ్యాస్ గ్రిల్ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. లోపల వాల్వు చివర ఇత్తడి నాజిల్‌కి ఉండే బెజ్జం మాత్రం వేరు. పైపులో వచ్చే సహజవాయువు ప్రెషర్ తక్కువ, అందుకని ఆ బెజ్జం పెద్దగా పెడతారు. దానికి తెచ్చి ఎల్‌పీజీ తగిలిస్తే మంట హద్దు దాటి లేస్తుంది. నీ గ్రిల్ నీ దగ్గరున్న గ్యాస్‌కి సరిపడేది కాకపోతే కంపెనీ ఇచ్చే మార్పిడి కిట్ ఉందేమో చూడాలి, లేదంటే వదిలేయాలి. ఆ బెజ్జంలో సూదులు తిప్పడం, డ్రిల్ పెట్టడం చేయొద్దు. వెంట్రుకవాసి పెరిగినా మంట మారిపోతుంది.

వాల్వులు ఒక్కోటీ తిప్పి చూడు. బిగుసుకుపోయినా, ఆఫ్ దగ్గర టక్కున ఆగకపోయినా ఆ వాల్వు మార్చెయ్. విప్పి గ్రీజు రాద్దామని చూడకు.

బర్నర్ల సంగతికి వద్దాం. ఒక్కో బర్నర్‌నీ వాల్వువైపు నోరు కిందికి పెట్టి కాగితం మీద తట్టు. తుప్పు పొడి రాలడం మామూలే. దూది ఉండలాంటిది పడితే అది సాలెగూడు. వాడకుండా ఉంచిన గ్రిల్స్‌లో బర్నర్ గొట్టం లోపల సాలీళ్ళు గూళ్ళు పెట్టడం చాలా మామూలు విషయం, కానీ దాన్ని చూడకుండా వెలిగిస్తే ప్రమాదం. గొట్టం మధ్యలో దారి మూసుకుపోతే గ్యాస్ ముందుకి పోలేక వెనక్కి తన్ని, నాబ్‌ల వెనకే అంటుకుంటుంది. అంటే మంట నీ చేతి దగ్గరికి వస్తుంది. పొడుగాటి సన్న బ్రష్ గొట్టం ఆ చివరి దాకా పోనిచ్చి తియ్యి. తర్వాత నోటి దగ్గర టార్చి పెట్టి, పైన ఉన్న బెజ్జాల వరసలోంచి చూడు. అన్నింట్లోంచీ వెలుగు చుక్కలు సమానంగా కనిపించాలి. మూసుకున్న వాటిని సన్నటి తీగతో తెరువు, పెద్దవి చేయకు.

నీ మూడో ఫొటోలో కుడి చివరి బర్నర్ చూశావా? మధ్యలో రెండు బెజ్జాలు కలిసిపోయి చీలికలాగా అయింది, అంచులు పలచబడి వంకరపోయాయి. అలా అయిన చోట గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది, పక్క బెజ్జాలకి అందదు. దాన్ని ఎంత తోమినా లాభం లేదు. మిగతావీ దాని వయసువే కాబట్టి సెట్ మొత్తం మార్చెయ్ అంటాను నేను. ఒకటే మారిస్తే మిగతావాటి కోసం మళ్ళీ అన్నీ విప్పుకోవాలి.

కొలతల దగ్గర తొందరపడకు. మోడల్ నంబర్ దొరికితే సగం పని అయినట్టే. బండి తలుపు లోపలివైపు, వెనక రేకు మీద, పక్క పలక మీద వెతుకు. జిడ్డు పట్టి కనిపించకపోతే తడిగుడ్డతో మెల్లగా తుడువు, గీకకు, అక్షరాలు పోతాయి. నంబర్ దొరికినా సరే టేపుతో కొలువు: బర్నర్ మొత్తం పొడవు, వాల్వువైపు నోటి వెడల్పు, వెనక చివర దేనితో నిలబడుతుందో, స్క్రూ బెజ్జం ఎంత దూరంలో ఉందో. అన్ని గ్రిల్స్‌కీ సరిపోతాయని అమ్మే సాగే బర్నర్లు ఉంటాయి. హీట్ ప్లేట్ల విషయంలో అలాంటివి సర్దుకుపోవచ్చు. బర్నర్‌కి మాత్రం సరిగ్గా ఆ మోడల్‌దే తెప్పించుకో. ఎందుకంటే బిగించేటప్పుడు ఇత్తడి నాజిల్ బర్నర్ నోట్లోకి తిన్నగా దూరి ఉండాలి. పక్కకి జారి బయట ఉండిపోతే గ్యాస్ బర్నర్‌లోకి పోకుండా పెట్టె కింద వెలుగుతుంది. బిగించాక నేల మీద కూర్చుని, కింది నుంచి టార్చి వేసి, ఒక్కో నాజిల్‌నీ నీ కళ్ళతో చూడు. ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ ఒక్క చూపే.

హీట్ ప్లేట్లు బర్నర్ మీద గొడుగులా ఉంటాయి కదా, కారే కొవ్వు మంట మీద పడకుండా కాపాడేవి అవే. అవి తుప్పుపట్టి కూలిపోయాకే బర్నర్లు త్వరగా పాడవుతాయి. కొనేటప్పుడు రేకు మందంగా ఉన్నది చూసుకో. స్టెయిన్‌లెస్ అని రాసి ఉన్నవన్నీ ఒకటే రకం కావు. 430 రకానికి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటుంది, 304 రకానికి దాదాపుగా అతుక్కోదు. ఈ రెండోది తుప్పుని బాగా తట్టుకుంటుంది.

గ్రేట్లు పోత ఇనుమువైతే మార్చక్కర్లేదు. తుప్పు రుద్ది, కడిగి, ఆరబెట్టి, నూనె పలచగా రాసి కాలిస్తే మళ్ళీ నల్లగా వస్తాయి. ఎనామిల్ పూత పెచ్చులూడిపోతుంటే మాత్రం కొత్తవి తెచ్చుకో. తీగ బ్రష్‌తో రుద్దాక తడిగుడ్డతో తప్పకుండా తుడువు. విరిగిన తీగముక్క వంటలోకి పోయి గొంతులో గుచ్చుకుని ఆసుపత్రి పాలైనవాళ్ళు ఉన్నారు.

స్పార్క్ రావట్లేదన్నావు. ఇగ్నైటర్ మొత్తం కొనేముందు, గ్యాస్ కనెక్షన్ తీసేసి ఉన్నప్పుడే ఇది చూడు. బ్యాటరీ రకమైతే అర తెరిచి, పచ్చటి చిలుము పట్టిందేమో చూసి, తుడిచి కొత్త బ్యాటరీ వెయ్. బ్యాటరీ లేకుండా నొక్కితే టక్కుమనే రకమైతే లోపల చిన్న సుత్తి ఒక స్ఫటికాన్ని కొడుతుంది, ఆ దెబ్బకే వేల వోల్టులు పుడతాయి. 1880లో పియర్ క్యూరీ, జాక్ క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టిన సంగతే ఇది. ఇంతకాలం అయినా నీ గ్రిల్ బటన్‌లో అదే సూత్రం పనిచేస్తోందంటే నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు బటన్ నొక్కి స్పార్క్ ఎక్కడ దూకుతోందో చూడు. తెల్లటి పింగాణీ పక్కనుంచి దూకుతుంటే అది పగిలింది, ఎలక్ట్రోడ్, అంటే స్పార్క్ దూకే ఆ కడ్డీ, ఒక్కటి మారిస్తే చాలు. మొనకీ బర్నర్‌కీ మధ్య 3 నుంచి 6 మిల్లీమీటర్ల సందు ఉండాలి.

బిగుసుకున్న స్క్రూలకి తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్. కొన్ని విరుగుతాయి, ఏం పర్వాలేదు. వాటి బదులు స్టెయిన్‌లెస్ బోల్టులు వెయ్. జింకు పూత ఉన్నవి మంట తగిలే చోట వాడొద్దు.

అంతా బిగించాక వెంటనే వెలిగించకు. గ్రిల్‌ని ఆరుబయట పెట్టి, నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉంచి, సిలిండర్‌ని మెల్లగా తెరువు. సగం నీళ్ళు, సగం గిన్నెలు తోమే సబ్బు ద్రావణం కలిపి, పాత బ్రష్‌తో ప్రతి అతుకు మీదా, గొట్టం పొడవునా రాయి. రాశాక అక్కడే నిలబడి చూడు. లీకు ఉంటే కొన్నిసార్లు గబగబా నురగ రాదు. ఒకే ఒక్క బుడగ నట్టు అంచున మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్ళీ అక్కడే ఉబ్బుతుంది. అది చూశావంటే సిలిండర్ కట్టేసి, బిగించి, మళ్ళీ రాయి. గొట్టం మధ్యలోంచి వస్తుంటే గొట్టమే మార్చు. అగ్గిపుల్లతో లీకు వెతికేవాళ్ళని చూసి నేర్చుకోకు. సిలిండర్ కనెక్షన్‌కీ, లోహానికి లోహం ఆని బిగిసే అతుకులకీ టెఫ్లాన్ టేపు చుట్టకు, అవి టేపు లేకుండానే బిగిసేవి.

మొదటిసారి వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. ఐదు సెకన్లలో అంటుకోకపోతే కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూడు. మంట నీలంగా ఉండాలి, చివర్లలో కాస్త పసుపు ఉన్నా పర్వాలేదు. అంతా పసుపుగా ఊగుతుంటే గాలి చాలట్లేదు, బర్నర్ నోటి దగ్గర గాలి తలుపు ఉంటే కొంచెం తెరువు. మంట మరీ నీరసంగా వస్తే రెగ్యులేటర్ పాడైందని అప్పుడే అనుకోకు. సిలిండర్‌ని గబుక్కున తెరిస్తే కొన్ని రెగ్యులేటర్లలో భద్రత కోసం పెట్టిన అడ్డు పడి గ్యాస్ తగ్గిపోతుంది. అన్నీ కట్టేసి, కనెక్షన్ తీసి, కాసేపయ్యాక మళ్ళీ తగిలించి నిదానంగా తెరిస్తే సరవుతుంది. కొత్త భాగాల మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది కాబట్టి అరగంట ఖాళీగా, ఎక్కువ మంట మీద కాలనివ్వు.

ఈ వారం చేయాల్సింది విప్పడం, కడగడం, కొలవడం వరకే. వివరాల ప్లేట్ ఫొటో, తొట్టి అడుగు ఫొటో, కొలతలు రాసిన కాగితం నాకు పంపు. ఏ భాగం ఏది అన్నది ఇద్దరం కలిసి ఒకసారి సరిచూశాకే ఆర్డర్ పెడుదువుగాని. చేతికి గ్లవుజులు వేసుకో, ఆ రేకుల అంచులు కత్తుల్లా ఉంటాయి.

ప్రేమతో,
అమ్మ